గర్భిణీకి ముప్పు రోగాల వల్ల మాత్రమే కాదు



గర్భం రోగం కాదు. ఇంట్లో పెద్దవాళ్లు ఈ మాట అంటూనే ఉంటారు, అది నిజమే. ఎక్కువమంది స్త్రీలు ఏ ఇబ్బందీ లేకుండా ప్రసవించి బిడ్డతో ఇంటికి వెళ్తారు. కాని గర్భం రాకముందే ఒంట్లో ఉన్న జబ్బు, గర్భంతో పాటు మొదలయ్యే జబ్బు, వీటికి తోడు ఇంటి పరిస్థితులు, ఈ మూడూ కలిసినప్పుడు మామూలు కాన్పు కూడా ప్రాణం మీదికి వస్తుంది. ప్రసూతి వార్డులో మేము కేస్ షీటు మీద "రక్తహీనత" అని, "బి.పి." అని రాస్తాం. ఆ రక్తహీనత ఏడు నెలలు ఎవరి కంటా ఎందుకు పడలేదు, బి.పి. చూపించుకోవడానికి ఆమె ఎందుకు రాలేకపోయింది అని రాయడానికి ఆ షీటులో గడి ఉండదు. ఆ సంగతులే ఈ నెల మీతో మాట్లాడదలచుకున్నాం.

ముందుగా ఒక మంచి వార్త. 2004–06 లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రతి లక్ష సజీవ జననాలకు 154 మంది తల్లులు చనిపోయారు. 2018–20 నాటికి ఆ సంఖ్య ఆంధ్రప్రదేశ్‌లో 45కు, తెలంగాణలో 43కు తగ్గింది. అదే కాలంలో కేరళలో అది 19. అంటే మనం చాలా దూరం వచ్చాం, ఇంకా వెళ్లవలసిన దూరం కూడా ఉంది. మిగిలిన ఆ దూరంలో మందులతో దాటేది కొంత, ఇంటివాళ్ల సాయంతో దాటేది కొంత.

రక్తహీనత: పళ్లెం దగ్గర మొదలయ్యే జబ్బు

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రెండు రాష్ట్రాలలోనూ గర్భిణీలలో సగం కంటే ఎక్కువమందికి రక్తహీనత ఉంది. గర్భిణీకి హిమోగ్లోబిన్ కనీసం 11 గ్రాములు ఉండాలి. 7 కన్నా తగ్గితే అది తీవ్రమైన రక్తహీనత. మామూలు కాన్పులో కూడా కొంత రక్తం పోతుంది, అర లీటరు వరకు పోవచ్చు. 11 గ్రాములున్న తల్లి దానిని తట్టుకుంటుంది. 6 గ్రాములతో నొప్పులు పడుతూ వచ్చిన తల్లికి అంతే రక్తం పోయినా గుండె తట్టుకోలేని స్థితి రావచ్చు.

ఉచితంగా ఇచ్చే ఎర్రని ఐరన్ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. మూడు నెలలు నిండినప్పటి నుండి రోజుకొకటి చొప్పున 180 రోజులు, కాన్పు తరువాత మరో 180 రోజులు వేసుకోవాలి. మాత్రలు అందరూ తీసుకువెళ్తారు. మళ్లీ వచ్చినప్పుడు అడిగితే మాకు వచ్చే జవాబులు ఇవి: "విరేచనం నల్లగా అవుతోంది సిస్టర్", "కడుపులో తిప్పుతోంది", "బిడ్డ నల్లగా పుడుతుందన్నారు", "బిడ్డ లావైపోయి కాన్పు కష్టమవుతుందని మా అత్తయ్య చెప్పింది".

విరేచనం నల్లబడటం ఐరన్ వల్లే, దానితో ప్రమాదం లేదు. తిప్పుతుంటే రాత్రి భోజనం చేశాక వేసుకోండి. టీ, కాఫీ, పాలతో వేసుకోవద్దు. కాల్షియం మాత్రను వేరే పూట వేసుకోండి, రెండూ కలిపితే ఐరన్ ఒంటికి పట్టదు. నిమ్మరసం కలుపుకుంటే బాగా పడుతుంది. బిడ్డ రంగు అమ్మానాన్నల నుండి వస్తుంది, మాత్ర నుండి రాదు. బిడ్డ లావవుతుందన్న భయం కూడా వద్దు. నిజానికి తల్లికి రక్తం తక్కువైతే బిడ్డ బరువు తక్కువతో, నెలలు నిండకుండా పుట్టే ప్రమాదం ఉంది.

కోడలు చాటుగా మట్టి, బలపాలు, పచ్చిబియ్యం తింటుంటే నవ్వకండి, తిట్టకండి. అది చాలాసార్లు రక్తం తగ్గిందనడానికి గుర్తు. పరీక్ష చేయించండి. మూడో నెల దాటాక నులిపురుగుల మాత్ర ఒకటి వైద్యులు ఇస్తారు, అదీ మానవద్దు.

ఇక పళ్లెం సంగతి. చాలా ఇళ్లలో అందరికీ వడ్డించి, మిగిలింది తినేది కోడలే. అంగన్‌వాడీ నుండి గర్భిణీ పేరు మీద వచ్చే గుడ్లు, పాలు ఇంటికి వచ్చాక ఎవరి పళ్లెంలో పడుతున్నాయో ఒకసారి చూడండి. ఆమె గుడ్డు ఆమె తినాలి. తోటకూర, మునగాకు, రాగులు, పప్పు, చేపలు, వీలైనప్పుడు కాలేయం కూర, వీటికి పెద్ద ఖర్చు లేదు. గ్రహణం నాడు మంచినీళ్లు కూడా ముట్టనివ్వని ఇళ్లు ఉన్నాయి. మన సంఘాలలో శ్రమల దినాలలో పూటలు మానే గర్భిణీలూ ఉన్నారు. గర్భిణీలు, పాలిచ్చే తల్లులు ఆకలితో ఉండకూడదు. వేరే విధంగా ఆ దినాలను పాటించమని సంఘ పెద్దలే వారికి చెప్పాలి. ఆ మాట మేము చెబితే వినకపోవచ్చు, మీరు చెబితే వింటారు.

బి.పి., గుర్రపువాతం

గర్భం 20 వారాలు దాటాక బి.పి. 140/90 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే జాగ్రత్త పడాలి. దానితో పాటు మూత్రంలో ప్రోటీన్ పోతే ప్రమాదం ఎక్కువ. మొదటి కాన్పువారికి, కవలలు ఉన్నవారికి, ముందు నుండి బి.పి., చక్కెర, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి, బాగా లావుగా ఉన్నవారికి ఇది వచ్చే అవకాశం ఎక్కువ. ఇలాంటివారిలో కొందరికి మూడో నెల దాటాక వైద్యులు తక్కువ మోతాదు ఆస్పిరిన్ రాస్తారు. రాయనిదే వేసుకోకూడదు, రాస్తే మానకూడదు.

ఈ జబ్బుతో చిక్కేమిటంటే మొదట్లో ఏమీ అనిపించదు. "బాగానే ఉన్నాను కదా, ఎందుకు అంత దూరం" అని చెకప్ మానేస్తారు. కాళ్లవాపు గర్భిణీలకు మామూలే అంటారు. పాదాలకు కొంచెం వాపు మామూలే కావచ్చు. ముఖం ఉబ్బడం, వేలి ఉంగరం బిగుసుకుపోవడం, తగ్గని తలనొప్పి, కళ్లు మసకబారడం, పొట్ట పైభాగంలో నొప్పి మామూలు కావు. అదే రోజు రావాలి.

ఇది ముదిరితే మూర్ఛలు వస్తాయి. పల్లెల్లో గుర్రపువాతం అంటారు. కొందరు గాలి సోకిందని భూతవైద్యుని దగ్గరకు తీసుకువెళ్తారు, కొందరు చేతిలో తాళంచెవులు పెట్టి చూస్తారు. ఆ గంటలు తిరిగిరావు. మెగ్నీషియం సల్ఫేట్ అనే మందు ఈ మూర్ఛలను ఆపుతుంది, అది ఆసుపత్రిలో ఉంది. మూర్ఛ వస్తే ఆమెను ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టవద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి. ప్రార్థన తప్పక చేయండి, బండి ఎక్కించాక దారిలో చేయండి. కాన్పు అయిన తరువాత కూడా కొన్ని రోజుల వరకు ఈ ప్రమాదం ఉంటుందని గుర్తుంచుకోండి.

చక్కెర, గుండె, మూర్ఛ మాత్రలు

గర్భంతో కొత్తగా వచ్చే చక్కెర జబ్బు ఇప్పుడు ఎక్కువగా చూస్తున్నాం. 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్లు తాగించి రెండు గంటల తరువాత రక్తం తీస్తారు. 140 లేదా అంతకు మించి ఉంటే జబ్బు ఉన్నట్టు. ఈ పరీక్షకు పరగడుపుతో రానక్కరలేదు. మొదటిసారి చూపించుకున్నప్పుడు ఒకసారి, అప్పుడు బాగుంటే 24–28 వారాల మధ్య మరోసారి చేయించాలి. పట్టించుకోకపోతే బిడ్డ మరీ పెద్దదై కాన్పు కష్టమవుతుంది, పుట్టగానే బిడ్డకు చక్కెర పడిపోతుంది. చాలామందికి అన్నం తగ్గించి, పప్పు, కూర పెంచి, రోజూ నడిస్తే సరిపోతుంది. ఇన్సులిన్ రాస్తే భయపడవద్దు. "మొదలుపెడితే జీవితాంతం పొడుచుకోవాలి" అనుకుంటారు. గర్భంతో వచ్చిన చక్కెరకైతే ఎక్కువమందికి కాన్పుతో ఆపేస్తారు. కాని ఆరు వారాల తరువాత మళ్లీ పరీక్ష చేయించాలి. ముందు ముందు వీరికి చక్కెర జబ్బు వచ్చే అవకాశం ఎక్కువ.

గుండె కవాటాల జబ్బు, మూర్ఛ, థైరాయిడ్, క్షయ ఉన్న అమ్మాయిల విషయంలో ఇంకొక ముప్పు ఉంది. పెళ్లి సంబంధం తప్పిపోతుందని పుట్టింటివారు జబ్బు దాస్తారు. అత్తవారింట్లో ఆ పిల్ల మాత్రలు చాటుగా వేసుకుంటుంది, కొన్నాళ్లకు మానేస్తుంది. గర్భంలో గుండె మీద పని పెరుగుతుంది, దాచిన జబ్బు ఆయాసంగా బయటపడుతుంది. మూర్ఛ మాత్రలు ఉన్నట్టుండి మానితే ఫిట్స్ తిరగబెడతాయి. వాటిలో సోడియం వాల్‌ప్రోయేట్ వంటి కొన్ని గర్భంలోని బిడ్డకు మంచివి కావు. అందువల్ల గర్భం రాకముందే వైద్యులను కలిస్తే మందు మార్చే వీలుంటుంది. అత్తమామలకు మా మనవి: కోడలి మందుల డబ్బా మీ ఇంట్లో నలుగురికీ కనిపించే చోట ఉండనివ్వండి.

తల్లి రక్తం గ్రూపు నెగెటివ్, తండ్రిది పాజిటివ్ అయితే ముందుగానే మాకు చెప్పండి. 28 వారాలప్పుడు, పుట్టిన బిడ్డ పాజిటివ్ అయితే కాన్పు తరువాత 72 గంటలలోపు, యాంటీ–డి ఇంజెక్షన్ ఇస్తే తరువాతి బిడ్డకు రక్షణ. గర్భస్రావం జరిగినా ఈ ఇంజెక్షన్ గురించి అడగాలి.

చిన్న వయసు, మేనరికం

అదే 2019–21 సర్వేలో, 20–24 ఏళ్ల స్త్రీలలో 18 నిండకుండానే పెళ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. 2006 నాటి బాల్య వివాహాల నిషేధ చట్టం ప్రకారం అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండాలి. ఇది చట్టం కోసం చెబుతున్న మాట కాదు. పదహారేళ్ల పిల్ల ఎముకలు ఇంకా ఎదుగుతుంటాయి. కటి పూర్తిగా ఎదగక కాన్పు ఆగిపోవచ్చు. తినేది తన ఎదుగుదలకూ చాలాలి, బిడ్డకూ చాలాలి. రక్తహీనత, బి.పి., నెలలు నిండని కాన్పు, తక్కువ బరువు బిడ్డ, ఇవన్నీ ఆ వయసులో ఎక్కువ.

18 నిండని బాలిక గర్భంతో వస్తే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం ఆసుపత్రి తెలియజేయవలసి ఉంటుంది. దీనికి భయపడి కొందరు వయసు పెంచి చెబుతారు, కొందరు నొప్పులు వచ్చేదాకా ఇంట్లోనే ఉంచుతారు. రెండూ ఆ పిల్లకే చేటు. వయసు ఎంతైనా వైద్యం ఆగదు. ముందుగా వస్తే మేము చేయగలిగింది ఎక్కువ.

మేనమామకు, మేనబావకు ఇవ్వడం మన ప్రాంతంలో పాత అలవాటు. ఆస్తి, ఆప్యాయత రెండూ చెదరవని పెద్దలు అనుకుంటారు. కాని దగ్గరి రక్త సంబంధంలో ఇద్దరిలోనూ దాగి ఉన్న ఒకే లోపం బిడ్డలో బయటపడే అవకాశం పెరుగుతుంది. మేనబావ–మరదళ్ల బిడ్డలలో పుట్టుకతో వచ్చే లోపాలు మామూలు కంటే సుమారు రెట్టింపు. మేనమామ–మేనకోడళ్ల బంధుత్వం అంతకంటే దగ్గరిది. ఇప్పటికే చేసుకున్నవారిని నిందించడానికి ఇది చెప్పడం లేదు. వారు గర్భం రాకముందే వచ్చి తలసేమియా వంటి పరీక్షల గురించి అడగాలి, అయిదో నెల స్కానింగ్ మానకూడదు. పెళ్లీడు పిల్లలున్నవారు ముందే ఆలోచించుకోవాలి.

చెప్పుకోలేని సంగతులు

హెచ్.ఐ.వి., సిఫిలిస్, హెపటైటిస్–బి పరీక్షలు గర్భిణీలందరికీ చేస్తారు, అనుమానించి కాదు. హెచ్.ఐ.వి. ఉన్న తల్లికి ఏ చికిత్సా లేకపోతే బిడ్డకు సోకే అవకాశం 15 నుండి 45 శాతం. సరిగా మందులు వాడితే అది 5 శాతం కంటే తగ్గుతుంది. హెపటైటిస్–బి టీకా బిడ్డకు పుట్టిన 24 గంటలలోపు వేయాలి. పరీక్షకు భర్త కూడా రావాలి. చాలాసార్లు జబ్బు భర్త నుండే వస్తుంది, నింద మాత్రం ముందుగా పరీక్ష చేయించుకున్న భార్య మీద పడుతుంది. ఫలితం ఊళ్లో చెప్పే హక్కు ఎవరికీ లేదు. 2017 నాటి హెచ్.ఐ.వి. చట్టం కూడా అదే చెబుతుంది.

దెబ్బల గురించి కూడా చెప్పాలి. గర్భంతో ఉన్నప్పుడు పొట్ట మీద తగిలిన దెబ్బకు మాయ ముందే విడిపోయి తల్లి, బిడ్డ ఇద్దరూ పోవచ్చు. "బాత్‌రూంలో జారిపడ్డాను" అని చెప్పే తల్లి పక్కనే భర్త నిలబడి ఉంటే మేము ఆయనను బిల్లు కౌంటరుకు పంపి, ఆమెతో ఒంటరిగా మాట్లాడతాం. 2005 నాటి గృహహింస చట్టం ఆమెకు అండ. 181 నంబరుకు ఫోన్ చేయవచ్చు. "మళ్లీ ఆడపిల్లేనా" అన్న మాట కూడా దెబ్బే. బిడ్డ ఆడో మగో నిర్ణయించేది తండ్రి నుండి వచ్చే కణం. తల్లి తప్పు అందులో ఏమీ లేదు. ఆ వివరం స్కానింగ్‌లో చెప్పడం 1994 చట్టం ప్రకారం నేరం, మమ్మల్ని అడగవద్దు.

నిర్ణయం ఎవరిది?

తల్లుల మరణాల వెనుక మూడు ఆలస్యాలు ఉంటాయని 1994లో సెరీన్ థడ్డియస్, డెబోరా మైన్ అనే పరిశోధకులు వివరించారు: ఆసుపత్రికి వెళ్లాలని నిర్ణయించడంలో ఆలస్యం, చేరడంలో ఆలస్యం, చేరాక వైద్యం అందడంలో ఆలస్యం. 2005లో మన రాష్ట్రంలో మొదలైన 108 వాహనం రెండో ఆలస్యాన్ని చాలా తగ్గించింది. మూడోది మా బాధ్యత. మొదటిది మాత్రం ఇంటిదే.

వెల్లూరు ఆసుపత్రి చరిత్ర మీలో చాలామంది వినే ఉంటారు. 1890లలో తిండివనంలో ఒకే రాత్రి మూడు ఇళ్లలో ముగ్గురు స్త్రీలు కాన్పు కష్టమై చనిపోయారు. వైద్యుడైన జాన్ స్కడర్ అదే ఊళ్లో ఉన్నాడు. కాని మగ వైద్యుడు చూడటానికి ఆ ఇళ్లు ఒప్పుకోలేదు. ఆయన కుమార్తె ఐడా స్కడర్ ఆ రాత్రి తరువాతే డాక్టరు చదువుకు వెళ్లి, తిరిగివచ్చి 1900లో వెల్లూరులో ఒక పడకతో పని మొదలుపెట్టింది. ఇప్పుడు ఆడ డాక్టర్లు ఉన్నారు, రోడ్లు ఉన్నాయి, ఫోన్లు ఉన్నాయి. అయినా "ఆయన డ్యూటీ నుండి వచ్చాక చూద్దాం", "దుబాయి నుండి ఫోన్ వస్తే అడుగుదాం", "మామయ్య పొలం నుండి రానీ" అనే మాటలు ఇంకా వింటున్నాం. ఏడో నెలలోనే కూర్చుని మాట్లాడుకోండి: రాత్రి వేళ కష్టం వస్తే ఎవరినీ అడగకుండా ఆమెను బయలుదేరదీసే అధికారం ఎవరిది? అత్తగారిదైనా, ఆడపడుచుదైనా సరే. పేరు పెట్టి చెప్పుకోండి.

రక్తం సంగతి కూడా అప్పుడే మాట్లాడుకోండి. "రెండు యూనిట్లు కావాలి" అనగానే వరండా ఖాళీ అయిపోవడం మేము చూస్తున్నాం. రక్తం ఇస్తే నీరసించిపోతామన్న భయం నిజం కాదు. తీసేది 350 మిల్లీలీటర్లు. 18 నుండి 65 ఏళ్ల మధ్య వయసు, 45 కిలోల బరువు, 12.5 గ్రాముల హిమోగ్లోబిన్ ఉన్న ఆరోగ్యవంతులు ఇవ్వవచ్చు. డబ్బు తీసుకుని రక్తం అమ్మే పద్ధతిని 1998 జనవరి నుండి మన దేశంలో నిషేధించారు. కాబట్టి ఇవ్వవలసింది మనుషులే, మీరే. సంఘ యౌవనస్థులు తమ గ్రూపులు రాసి ఉంచితే ఆ కాగితం ఒక ప్రాణం విలువ చేస్తుంది.

పుట్టింటికి కాన్పుకు వెళ్లేటప్పుడు, పని కోసం ఇటుక బట్టీలకో, మిరప కోతలకో వలస వెళ్లేటప్పుడు తల్లీబిడ్డల కార్డు, స్కానింగ్, రక్త పరీక్షల కాగితాలు వెంట తీసుకువెళ్లండి. కాగితం లేని గర్భిణీ నొప్పులతో వస్తే ఆమె గురించి మాకు ఏమీ తెలియదు. డబ్బు గురించి భయపడి ఇంట్లో ఆగవద్దు. ప్రభుత్వ ఆసుపత్రులలో కాన్పు, ఆపరేషన్ 2011 నుండి ఉచితం. ప్రతి నెల 9వ తేదీన అక్కడ గర్భిణీలకు వైద్యులు ప్రత్యేకంగా పరీక్షలు చేస్తారు. మా దగ్గరకే రావాలని లేదు, ఎక్కడో ఒకచోట చూపించుకోవాలి.

మంచి రోజు చూసి ఆపరేషన్ చేయమని అడిగేవారికి ఒక మాట. అవసరం లేకుండా 39 వారాలకు ముందే తీసిన బిడ్డకు ఊపిరి ఇబ్బంది రావచ్చు. ఒకసారి కోసిన గర్భసంచికి తరువాతి కాన్పులో మాయ అతుక్కుపోయే ప్రమాదం పెరుగుతుంది. అవసరమైతే ఆపరేషన్ ప్రాణం కాపాడుతుంది. అవసరమా కాదా అన్నది వైద్యులు చెప్పాలి, క్యాలెండరు కాదు.

కాన్పు తరువాత

బాలింతకు పథ్యం పేరుతో కారంపొడి అన్నం పెట్టి, నీళ్లు కూడా కొలిచి ఇస్తారు. రక్తం పోయినవారికి, పాలివ్వవలసినవారికి మామూలు కంటే ఎక్కువ తిండి, దాహం తీరా నీళ్లు కావాలి. తల్లి రెండు వారాలకు మించి ఏడుస్తూ ఉన్నా, బిడ్డను దగ్గరకు తీసుకోకపోయినా, నిద్రపోకుండా పొంతన లేని మాటలు మాట్లాడినా అది పొగరు కాదు, దయ్యమూ కాదు. మందులతో తగ్గే జబ్బు. 14416 టెలీ మానస్ నంబరుకు ఫోన్ చేయవచ్చు. పొంతన లేని మాటలు మాట్లాడుతుంటే అదే రోజు తీసుకురండి. మరుసటి గర్భానికి కనీసం రెండేళ్లు ఎడం ఉండాలి.

ఈ కింది భాగాన్ని కత్తిరించి తలుపు వెనుక అంటించుకోండి.

వెంటనే ఆసుపత్రికి రావలసిన గుర్తులు

1. ఏ నెలలోనైనా రక్తం కనపడటం
2. తగ్గని తలనొప్పి, కళ్లు మసకబారడం, ముఖం ఉబ్బడం
3. మూర్ఛ
4. పడుకున్నా ఆయాసం, గుండెదడ
5. బిడ్డ కదలిక తగ్గడం
6. నొప్పులు లేకుండా ఉమ్మనీరు పోవడం
7. చలిజ్వరం, వాసనతో కూడిన మైల
8. పొట్ట మీద దెబ్బ తగలడం

ఇంట్లో రాసి ఉంచుకోవలసినవి

తల్లి రక్తం గ్రూపు: ............
చివరి హిమోగ్లోబిన్, తేదీ: ............
రక్తం ఇచ్చే ఇద్దరి పేర్లు: ............
రాత్రి వేళ నిర్ణయం తీసుకునేవారు: ............
వాహనం: 108, లేదా ............

నాలుగో గీత ఖాళీగా ఉంచవద్దు.